వైకుంఠం సారు భుజాలు

ఆ జుమేరాత్, అంటే గురువారం పొద్దున కొండల్ అనుకున్నది చాలా చిన్న పని. కోవా డబ్బా ఒకటి పట్టుకుని వైకుంఠం సారు దగ్గరికి వెళ్లాలి, దండం పెట్టాలి, హాజరీ కాగితం మీద సంతకం చేయించుకోవాలి. మధ్యాహ్నం మూడు గంటలకు కాలేజీలో సారుకు వీడ్కోలు సభ. మర్నాడు పొద్దున రైలుకు ఆయన బదిలీ మీద గుల్బర్గా వెళ్లిపోతాడు. ఆ సంతకం లేకపోతే ఏప్రిల్‌లో కొండల్‌ను ఇంటర్మీడియట్ పరీక్షకు కూర్చోనివ్వరు.

కొండల్ వాళ్లది బహదూర్‌పురాలో పాడి ఇల్లు. ఎనిమిది బర్రెలు. గల్లీ గల్లీ తిరిగి పాలు పోసి, సైకిల్ తొక్కుకుంటూ మూసీ ఒడ్డున ఉన్న కాలేజీ చేరేసరికి మొదటి గంట అయిపోయేది. ఆ మొదటి గంటే వైకుంఠం సారుది. ఆయన చెప్పేది తర్కశాస్త్రం. పిల్లలు దాన్ని మంతిఖ్ అనేవారు. ఏడాది మొత్తం మీద కొండల్ ఆయన పాఠం విన్న రోజులకన్నా ఆయన తలుపు మూయడం చూసిన రోజులే ఎక్కువ. అయితే బదిలీ ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచి సారు మనసు మెత్తబడిందని, అడిగినవాళ్లకల్లా సంతకం పెడుతున్నాడని కాలేజీలో చెప్పుకుంటున్నారు. అందుకే తల్లి రాజమణి ముందురోజే మూడు శేర్ల కోవా కాచి డబ్బాలో పెట్టింది.

డబ్బా మీద నాలుగు మంచి మాటలు రాయిస్తే బాగుంటుందని కొండల్‌కు దారిలో తోచింది. పురానాపూల్ దగ్గర ఒక గదిలో కాలేజీ కళాకారులిద్దరు ఉండేవారు. బాబురావు బొమ్మలు గీసేవాడు, విశ్వేశ్వర్ విగ్రహాలు చేసేవాడు. ఒకరి పని ఇంకొకరికి నచ్చిన రోజు లేదు. మూసీ మట్టి ఇంకోసారి గదిలోకి తెస్తే సామాను బయట పెడతానని ఇంటి యజమానురాలు రుక్మాబాయి చెప్పినప్పటి నుంచి విశ్వేశ్వర్ చేతులకు పని లేక ఊరికే సబ్బు బిళ్లలు చెక్కుతున్నాడు.

"అన్నా, దీని మీద 'పూజ్యులైన గురువుగారికి' అని మంచిగ రాసియ్యి. గంతే," అన్నాడు కొండల్ బాబురావుతో.

బాబురావు కుంచె వెతుకుతుండగా విశ్వేశ్వర్ మూత తీశాడు. వేలితో నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు.

"ఏం మట్టి ఇది?"

"మట్టి కాదు భాయ్, కోవా."

"గింత మెత్తటిది నా చేతికి ఎన్నడు దొరకలే," అన్నాడు విశ్వేశ్వర్. "నువ్వు డబ్బాల పెట్టి ఇస్తే సారు తిని మూతి తుడుసుకుంటడు. ఆయన మొహమే చేసి ఇస్తే జన్మంత యాది పెట్టుకుంటడు."

"సంతకం పెడ్తడా?"

"సంతకం ఏంది, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటడు."

కొండల్ ఇంకేదో అడిగేలోపే విశ్వేశ్వర్ చేతులు కడుక్కుని వచ్చి, పళ్లెం బోర్లించి, దాని మీద కోవా కుమ్మరించాడు. గంటన్నరలో వైకుంఠం సారు నుదురు వచ్చింది, చెంపలు వచ్చాయి, తలపాగా వచ్చింది. సారు ముక్కు మామూలు ముక్కు కాదు కాబట్టి దానికే చాలా కోవా పట్టింది. మెడ సగానికి వచ్చేసరికి డబ్బా ఖాళీ అయింది.

బాబురావు దూరంగా నిలబడి చూసి పెదవి విరిచాడు. "తెగిన తలకాయను సభల పెడ్తవా? చూసినోళ్లు జడుసుకుంటరు. భుజాలు కావాలె."

"కావాలె," అన్నాడు విశ్వేశ్వర్. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం అదే మొదలు. కొండల్‌కు ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది. సైకిల్ ఎక్కి బహదూర్‌పురాకు తొక్కాడు.

ఇంటికి వచ్చేసరికి అతనికి ఊపిరి అందడం లేదు. తండ్రి ఓదెలు పత్తిగింజల కోసం బజారుకు వెళ్లాడు. రాజమణి కొట్టం కడుగుతోంది.

"అవ్వా, ఇంకింత కోవా కావాలె. వైకుంఠం సారుకు భుజాలు లేవు."

రాజమణి చేతిలో చీపురు ఆగింది. "భుజాలు లేవా?"

"మెడ దాక మంచిగనే ఉన్నడు. ఆడికెళ్లి కింద ఏం లేదు. మూడు గంటల లోపల కాకపోతే ఆయన నిలబడడు. విశ్వేశ్వర్ దగ్గర కూసున్నడు. నాలుగు శేర్లు ఉంటే భుజాలు వస్తయంటుండు."

విశ్వేశ్వర్ ఎవరో గొప్ప వైద్యుడై ఉంటాడని రాజమణి అనుకుంది. కోవాతో భుజాలు తెప్పించే వైద్యం ఆమె ఎన్నడూ వినలేదు కానీ, ఆ మాట అడిగే సమయం కాదనిపించింది. లోపల పెద్ద గిన్నెలో కోవా ఉంది. అది అఫ్జల్‌గంజ్ మిఠాయి దుకాణం భిక్షపతి చెప్పి పెట్టుకున్నది, సాయంత్రం ఎవరిదో పెళ్లికి. రాజమణి గిన్నెను ఒక్క క్షణం చూసి, మొత్తం డబ్బాలో వేసి ఇచ్చింది. కొండల్ వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు.

కొడుకుకు చదువు చెప్పే సారు అట్లా పడి ఉంటే ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. గూట్లో ఉన్న నూనె సీసా కొంగులో కట్టుకుంది. బర్రెలు కాలు జారి పడితే రాసే నూనె అది. ఎంత పడిన బర్రెనైనా రెండు రోజుల్లో లేపుతుంది. దాన్ని తీసుకుని నడుచుకుంటూ శాలిబండలోని సారు ఇంటికి చేరింది.

సారు భార్య లలితమ్మ వాకిట్లో గిన్నెలకు గోనెసంచి కడుతోంది.

"అమ్మా, నేను కొండల్ తల్లిని. సారుకు ఎట్లుంది?"

"ఆయనకేం, లోపల పుస్తకాలు కట్టుకుంటున్నరు."

"ఏ చేతులతోని?" అంది రాజమణి.

లలితమ్మ తల ఎత్తింది. రాజమణి ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మీకు చెప్పలేదా అమ్మా? మెడ కింద ఏం లేదంట. వైద్యుడు మూడు గంటల దాక గడువు పెట్టిండట. మా పిలగాడు ఉరుకొచ్చి చెప్పిండు."

అదే సమయానికి లోపల వైకుంఠం సారు పుస్తకాల మూట ఎత్తబోయి, బరువుకు "అబ్బా" అని కింద పెట్టాడు. లలితమ్మకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

"నాకేం కాలేదు," అన్నాడు సారు.

"నిరుడు జ్వరం వచ్చిననాడు కూడ గిదే అన్నరు."

"రెండు చేతులు లేపి చూపిస్తున్న కదా లలితా."

"ఏ బాధ లేనోళ్లు చేతులు లేపి చూపిస్తరా?" అంది లలితమ్మ.

ఆయన తర్కం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. పది నిమిషాల్లో ఆయన మంచం మీద ఉన్నాడు. రాజమణి నూనె వేడి చేసి ఇచ్చింది, లలితమ్మ భుజాల నుంచి వేళ్ల దాకా రాసి, ఆముదపు ఆకులు వేసి, పాత ధోవతి చింపి కట్లు కట్టింది. సారుకు రెండు చేతులూ ఉడుకుతున్నట్టుంది. ఆయన రెండుసార్లు లేవబోతే ఇద్దరు ఆడవాళ్లూ పడుకోబెట్టారు. సందు చివర టాంగావాలాతో కాలేజీకి కబురు వెళ్లింది. సారు చేతులు బాగా లేవని లలితమ్మ చెప్పింది. సారు చేతులు రెండూ పడిపోయాయని టాంగావాలా చెప్పాడు.

ఆ కబురు వచ్చేసరికి కాలేజీ హాలు నిండింది. బల్ల మీద పట్టు గుడ్డ కింద విగ్రహం ఉంది. ఇప్పుడు దానికి నిండైన భుజాలున్నాయి. బాబురావు చెంపలకు కుంకుమపువ్వు నీళ్లు అద్ది, నల్ల కిస్మిస్‌లతో మీసం పెట్టాడు. ప్రిన్సిపాల్ సాబ్ గుడ్డ ఎత్తి ఆ మొహం చూసి, కబురు గుర్తొచ్చి, కళ్లు ఒత్తుకున్నాడు. తిన్నగా తన గదిలోకి వెళ్లి టెలిఫోన్ అందుకున్నాడు.

కొండల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సారు మీద జాలి కలిగింది. జేబులో ఉన్న కాగితం మీద అంతకన్నా ఎక్కువ జాలి కలిగింది. పొద్దున తాను ఇంట్లో అన్న మాటలకూ ఈ కబురుకూ సంబంధం ఉంటుందని అతనికి తోచలేదు.

"మనిషి సభకు రాకపోతే సభ మనిషి దగ్గరికి పోతది," అన్నాడు ప్రిన్సిపాల్ సాబ్. ఆయన మోటారులో ముందు వెళ్లాడు. వెనక టాంగాలో విగ్రహాన్ని ఒళ్లో పెట్టుకుని విశ్వేశ్వర్, ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని కొండల్, మీసం జారకుండా చూసుకుంటూ బాబురావు వెళ్లారు. తలపాగా చూసి చార్మినార్ దగ్గర ఇద్దరు ముగ్గురు దానికి సలాం చేశారు.

శాలిబండ ఇంట్లో అడుగుపెట్టగానే కొండల్‌కు మొదట కనిపించింది నూనె సీసాతో నిలబడిన తన తల్లి. ఆ సీసాను అతను గుర్తుపట్టాడు. గొడుగు మూయకుండానే బాబురావు వెనక్కి నక్కాడు.

"సాబ్, నాకు నిజంగ..." అంటూ సారు లేవబోయాడు.

"లేవొద్దు, ఆరాం చెయ్యండి," అన్నాడు ప్రిన్సిపాల్ సాబ్. "ఫికర్ పెట్టుకోకండి. చదువుల శాఖ తాలీమాత్ దఫ్తర్‌కు ఫోన్ చేసిన. గీ హాలత్‌ల మనిషిని గుల్బర్గా ఎట్ల పంపుతరని అడిగిన. ఈ సాలు, ఈ ఏడంత మీ బదిలీ ఆపేసిన్రు."

వాకిలి దగ్గర లలితమ్మ కొంగుతో నోరు కప్పుకుంది. గుల్బర్గా వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. సారుకు అంతకన్నా ఇష్టం లేదు. చెప్పబోయిన మాటను ఆయన మింగేశాడు. నెమ్మదిగా వెనక్కి వాలి, కట్లు కట్టిన చేతులను దుప్పటి కింద పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక తప్పును సరిదిద్దకుండా వదిలేశాడు.

విగ్రహాన్ని మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. సారు తన మొహాన్ని తాను చూసి, "ముక్కు కొంచెం ఎక్కువైంది," అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. సందు చూసుకుని కొండల్ కాగితం తీశాడు.

"ఏ చేత్తో పెట్టమంటవు నాయనా," అన్నాడు సారు, ప్రిన్సిపాల్ వైపు ఓరగా చూస్తూ.

అప్పుడే వాకిట్లో లొల్లి వినిపించింది. ఓదెలు వచ్చాడు. వెనకే మిఠాయి దుకాణం భిక్షపతి. ఇంట్లో ఖాళీ గిన్నె చూసి, ఇరుగుపొరుగును అడుగుతూ ఇక్కడికి చేరారు.

"కోవా ఏదే?" అన్నాడు ఓదెలు భార్యతో. రాజమణి కొండల్‌ను చూసింది. కొండల్ స్టూలు వైపు చూశాడు. ఓదెలు కూడా అటు చూసి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

"బాపు, గదే కోవా," అన్నాడు కొండల్.

"పెళ్లికి రెండు గంటలు కూడ లేదు," అన్నాడు భిక్షపతి. "మస్తు మంచిగ చేసిన్రు, కాదంట లేను. కాని నాకు కావాల్సింది కోవా, మొహం కాదు. ఓదెలన్నా, అందుకో."

"సారు మొహం మీద చెయ్యెట్ల వేస్త భాయ్?"

"నేనేస్త తియ్యి," అని భిక్షపతి ముక్కు పట్టుకోబోయాడు. విశ్వేశ్వర్ అడ్డం పడ్డాడు. బాబురావు మీసం కాపాడబోయాడు. ముగ్గురి మోకాళ్లూ తగిలి స్టూలు ఒరిగింది. విగ్రహం పళ్లెంతో సహా జారింది.

దుప్పటి ఎగిరి అవతల పడింది. వైకుంఠం సారు ఒక్క దూకున మంచం దిగి, నేలకు జానెడు ఎత్తులో రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. తన తలను తాను గుండెలకు హత్తుకుని లేచి నిలబడ్డాడు. ఏడు శేర్ల బరువు. చేతులు ఏమాత్రం వణకలేదు.

ప్రిన్సిపాల్ సాబ్ ఆ చేతులను చూశాడు, తర్వాత సారు మొహం చూశాడు. సారు చూపు దించుకున్నాడు.

"చూసిన్రా," అంది రాజమణి తృప్తిగా. "రెండు గంటలు కాలే రాసి."

ప్రిన్సిపాల్ సాబ్ నూనె సీసా చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "నాకు కూడ ఎడమ భుజం ఆరు నెలల నుంచి పట్టేసింది. ఇది ఎవరికి రాస్తరమ్మా?"

ఓదెలు నోరు తెరిచాడు. రాజమణి అతని వంక ఒక చూపు చూసింది. "మా కొట్టంల అందరికి రాస్తం సాబ్," అంది.

ఆయన సీసా జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "వైకుంఠం, చేతులు పోయినయని చెప్పిన నోటితోనే గంటకు వచ్చినయని దఫ్తర్‌కు ఎట్ల చెప్త? ఈ సాలుకు ఇక్కడనే ఉండండి." ఆయన ఏం నమ్మాడో, ఏం నమ్మలేదో ఆ మొహంలో ఎవరికీ తెలియలేదు.

మోటారు చప్పుడు దూరమయ్యాక సారు కొండల్‌ను నాలుగు ప్రశ్నలు అడిగాడు. నాలుగో ప్రశ్నకు అంతా బయటపడింది. లలితమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లింది. సారు కట్లు విప్పుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి, ఎవరికీ పాపం అంటకుండా తన మొహాన్ని తానే పిసికి ముద్ద చేసి భిక్షపతి గిన్నెలో వేశాడు. విశ్వేశ్వర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ సాయంత్రం కోవాలో కుంకుమపువ్వు, కిస్మిస్‌లు కూడా పడ్డాయని మగపెళ్లివారు చాలా సంతోషించారట.

అందరూ వెళ్లాక కొండల్ కాగితం మళ్లీ ముందు పెట్టాడు. "సార్, ఇప్పుడు చేతులు మంచిగైనయి కదా."

"అయినయి," అన్నాడు సారు. "పొద్దుననే వచ్చి అడిగి ఉంటే పెట్టేవాణ్ణి. పోయేవాణ్ణి, నాకెందుకులే అనుకున్న. ఇప్పుడు పోతలేను కదా కొండల్. తక్కువపడ్డ గంటలు నువ్వు వచ్చి కూసోవాలె, నేను చెప్పాలె. అది తప్ప వేరే తొవ్వ లేదు."

"పొద్దున పాలు పొయ్యాలె సార్. రోజు ఎట్ల కుదురుతది?"

"రోజు వద్దు. పాలు పోసినంకనే రా. శుక్రవారం జుమ్మా సెలవే కదా, ఆనాడు చెప్త."

ఆ తర్వాత పదకొండు జుమ్మాలు కాలేజీలో అందరికీ సెలవు, కొండల్‌కు తప్ప.