గుడ్లకు కాపలా

వీధిలో అందరూ అతన్ని "రేపురండి" అనేవారు. గడియారాలు బాగుచేసే దుకాణం అతనిది. ఎవరి గడియారం ఎప్పుడడిగినా ఆ రెండు మాటలే చెప్పేవాడు.

ఒక పొద్దున భార్య పిడుగులాంటి కబురు చెప్పింది.

"ఆదివారం అమ్మ ఇల్లు మారుతోంది. మా తమ్ముళ్ళొస్తున్నారు. ఆ ఇనప బీరువాకి మీరూ ఓ చెయ్యెయ్యాలి."

ఆ బీరువా పేరు వినగానే రేపురండి నడుం ముందే మూలిగింది. దిక్కులు చూశాడు. హాల్లో చేపల తొట్టి కనబడింది. అందులో సముద్రపు పువ్వు అనే రేకుల్లాంటి జీవి పక్కనున్న రాతి మీద, తెల్లచారల క్లౌన్ చేప పెట్టిన నారింజరంగు గుడ్లు మెరుస్తున్నాయి.

"ఎలా వస్తానే? ఇంట్లో పురుడు!"

"ఎవరికి?"

"చేపకి. పిల్లలయ్యేదాకా మనిషి కనిపెట్టుకుని ఉండాలి."

భార్య వంగి చూసింది. చిన్నది, అంటే మగచేప, రెక్కలతో గుడ్లకు విసురుతోంది. ఒక్కొక్కటే నోటితో తడిమి, చెడిపోయినవాటిని ఏరేస్తోంది. దానికంటే పెద్దదైన ఆడచేప దర్జాగా పచార్లు చేస్తోంది.

"తండ్రే అన్నీ చూసుకుంటోందిగా. ఇక మీరేం చేస్తారు?"

"ధైర్యం చెబుతా!"

మాట నిలబెట్టుకోవాలని తొట్టిలో చెయ్యి పెట్టి రాయి సర్దబోయాడు. ఆడచేప రివ్వున వచ్చి వేలు కొరికింది.

"ఆవిడకీ మీరు అక్కర్లేదట," అంది భార్య. "సరే, మీరు కదలకండి."

అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదే అని అతనికి అప్పుడే అనుమానం రావాలి. రాలేదు.

ఆదివారం గుమ్మం ముందు లారీ ఆగింది. బీరువా, మంచం, కుట్టుమిషను, వాటి మధ్య కుర్చీలో మహారాణిలా అత్తగారు.

"గుడ్లనొదిలి రాలేరటగా, అల్లుడుగారూ! పోనీ, నేనే కొన్నాళ్ళు ఇక్కడుంటే పోలా అనుకున్నా."

బావమరుదులు అక్కడ సామాను ఎక్కించి చేతులు దులుపుకున్నారట. డ్రైవరు తోలడమే తప్ప మొయ్యడట.

"ఎప్పుడు దింపుతారు సార్?" అన్నాడు డ్రైవరు.

అలవాటు కొద్దీ "రేపు..." అనబోయి నాలిక కరుచుకున్నాడు రేపురండి. ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బీరువా వీపున కట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ఇరుగుపొరుగు తలుపులు తీసి మరీ చూశారు, పాపం అనడానికి.

అత్తగారు తొట్టి ముందు కుర్చీ వేయించుకున్నారు. రోజూ అదే వినోదం.

"చూడమ్మా, ఆ మగచేప తిండి కూడా సరిగ్గా తినకుండా ఎలా విసురుతోందో! నాకూ ఉక్కగానే ఉంది."

భార్య భర్త చేతికి అట్టముక్క అందించింది. రేపురండి విసిరాడు.

ఒక రాత్రి దీపాలార్పాక గుడ్లు పగిలి, నలుసుల్లాంటి పిల్లలు నీళ్ళలో తేలాయి. తెల్లారేసరికి రేపురండి తయారై కూర్చున్నాడు.

"ఇక కొత్తింటికి పోదాం అత్తయ్యా! బీరువా నేనే మోస్తాను, పైసా ఖర్చు లేకుండా."

"కొత్తిల్లెక్కడిది?" అంది భార్య. "వద్దని నిన్ననే చెప్పేశాం. అమ్మకిక్కడ హాయిగా ఉందట."

"ఆ బీరువా చేపలకి అడ్డొస్తోంది అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. "కాస్త అటు జరుపుదురూ."

భుజం ఆనించి నెడుతుంటే తొట్టి అతని కళ్ళ ముందుకొచ్చింది. మగచేప నోటితో రాయిని మళ్ళీ శుభ్రం చేస్తోంది, మరో విడత గుడ్ల కోసం.

ఆ సంగతి రేపురండి ఎవరికీ చెప్పలేదు.