ఓడ మిగిల్చిన రోజులు

రండి, దగ్గరికి జరగండి. చేపల రేటు తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ వెనకాయన బీడీ అయినా ఆర్పాలి, నోరైనా ఆపాలి. మా రేవులో ఎక్స్‌ప్రెస్ ఓడకి సరుకు వేసినవాళ్లు, ఓడ మిగిల్చిన రోజుల్ని కౌంటరు ముందు బల్ల మీద కూచుని తామే గడిపేసి వెళ్లాలి.

ఇందులో వింతేమీ లేదు. సముద్రం దాటడానికి ఇన్ని రోజులని ఉంటుంది. మామూలు ఓడ నెమ్మదిగా పోతూ వాటిని తనే ఖర్చుపెట్టుకుంటుంది. ఎక్స్‌ప్రెస్ సగం రోజుల్లోనే చేరిపోతుంది. మిగతా సగం ఎక్కడికి పోతుంది? సముద్రం తనకు రావలసింది వదులుకోదు గదా. అది సరుకు పంపినవాళ్ల ఒంటి మీదికి వస్తుంది. బల్ల మీద కూచుని లేచేలోపే గోళ్లు పెరుగుతాయి. అందుకే కౌంటరులో పెన్నుకి కట్టినట్టు నెయిల్ కట్టర్‌కి కూడా దారం కట్టారు.

నూకరత్నం ఆన్‌లైన్లో ఆవకాయ అమ్ముతుంది. ముప్పై నిండని మనిషి. మొదట్లో మామూలు ఓడకే వేసేది. సింగపూర్ కస్టమరొకాయన, కంచంలో అన్నం పెట్టుకుని కూచుంటే ఆవకాయ వచ్చేలోపు చల్లారిపోయిందని ఫిర్యాదు పెట్టాడు. ఇంకొకటి వస్తే కొట్టు మూసేస్తామని యాప్ వాళ్లు చెప్పారు. ఆ కొట్టు మీదే ఇల్లు నడుస్తోంది. ఎక్స్‌ప్రెస్‌కి మారింది.

ఆవకాయ కలిపాక మూడో నాడు తిరగకలపాలి. నూకరత్నం తెలివైంది. కలిపిన జాడీని కలిపినట్టే తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూచునేది. రోజులు తన మీంచి పోతూ పోతూ జాడీ మీంచి కూడా పోయేవి. మధ్యలో ఒకసారి గరిటె తిప్పేది, లేచేసరికి ఊరిపోయేది. అది చూసి, సింహాచలంలో గుండు చేయించుకున్నవాళ్లు జుట్టు కోసం, మైల పట్టినవాళ్లు పదకొండో రోజు కోసం ఆమె పక్కన ఇరుక్కుని కూచోవడం మొదలెట్టారు. గుమస్తా పరదేశి వాళ్లకి వేరే రంగు టోకెన్లు ఇచ్చాడు.

సింగపూర్ ఆయన అయిదు చుక్కలిచ్చాడు. జాడీ భలే త్వరగా వచ్చిందట. ఊరెళ్తున్నాం, తిరిగొచ్చాక మూత తీస్తాం అని కూడా రాశాడు.

మామిడికాయల కాలం ముగిసేసరికి నూకరత్నం తల నెరిసింది, నడుం వంగింది. ఒక పొద్దున చూస్తే వయసులో అత్త సన్యాసమ్మని దాటేసి ఉంది. సన్యాసమ్మ పద్ధతి గల మనిషి, పెద్దవాళ్లని నువ్వు అనదు. బొడ్లోంచి తాళాలు తీసి కోడలి చేతిలో పెట్టింది. చెల్లెలింటికి వెళ్లాలన్నా కోడల్ని అడిగే వెళ్లేది. రోజూ కోడలి మోకాళ్లకి నూనె రాసేది. అలా రాస్తూ రాస్తూ ఒకనాడు నోరు విప్పింది.

"రత్నమ్మగారూ, ఈపాలి మామూలు ఓడకే ఎయ్యండి. నాకన్నా ముందు మీరెల్పోతే కోడలు పోయిందని ఏడవాలో, ఇంట్లో పెద్దావిడ పోయిందని ఏడవాలో నాకు తెల్దు."

నూకరత్నం సరేనంది. మర్నాడు ఇద్దరూ రేవుకెళ్లారు. నూకరత్నం చేతికర్ర గోడకి ఆనించి, జాడీ కౌంటరు మీద పెట్టి, మామూలు ఓడకి వెయ్యమంది.

"మామూలు ఓడ నేదమ్మా," అన్నాడు పరదేశి. "ఎవులూ ఎయ్యట్నేదని తీసేసినారు. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్సే మామూలు. దానికన్నా జోరైంది కొత్తగా వొచ్చింది. దానికి ఒక్క మనిషి సాలదు, ఇద్దరు కూకోవాల."

నూకరత్నం మామూలైన ఎక్స్‌ప్రెస్‌కే రాయమంది. తన దగ్గర అన్ని రోజులున్నాయా అని అడిగింది. పరదేశి కళ్లద్దాలు పైకి తోసి ఆమెని తల నుంచి పాదాల దాకా చూశాడు.

"ఈ జాడీకి సరిపోతాయి," అన్నాడు.

ఆమె వెళ్లి బల్ల మీద కూచుంది. సన్యాసమ్మ కూడా వెళ్లి పక్కన కూచుని, జాడీని సగం తన ఒళ్లోకి లాక్కుంది. పరదేశి రూల్సు తిరగేశాడు. కూడదని ఎక్కడా లేదు, స్టాంపు గుద్దేశాడు. ఇద్దరి గోళ్లూ పెరగడం మొదలైంది.

వెనక లైన్లో చీరల మూటతో నిలబడ్డాయన వాచీ చూసుకుని, చాలా మర్యాదగా అన్నాడు:

"మామ్మలూ, కాస్త బేగి ముసిలోలైపోండి. నాకు బస్సు టైమైపోతంది."