మీ కాల్ బదిలీ చేయబడుచున్నది

దక్షిణ మండల మరమగ్గాల సహకార సమాఖ్యలో దూరం రద్దయింది. ఈ మేరకు తిరుపతిలోని ప్రధాన కార్యాలయం ఉత్తర్వులు జారీ చేసింది. తిరుపతికీ చిత్తూరుకూ నడుమ ఉన్న చంద్రగిరి కోట, గుట్టలు, మామిడి తోటలు యథాస్థానంలోనే ఉంటాయనీ, సమాఖ్య సిబ్బంది మాత్రం ఇకమీదట వాటిని పరిగణనలోకి తీసుకోనక్కర్లేదనీ అందులో స్పష్టం చేశారు.

దూరాన్ని రద్దు చేసిన యంత్రం ఇటుకరాయి కన్నా కాస్త పెద్దది. పేరు గేట్‌వే. తిరుపతిలో ఒకటి, చిత్తూరు శాఖలో ఒకటి పెట్టారు. ఆఫీసులోని పాత ఫోన్లన్నిటినీ తీసుకుపోయి ఇంటర్నెట్‌లో కలపడం దాని పని. ఇక చిత్తూరు బల్ల మీద నాలుగంకెలు నొక్కితే తిరుపతి బల్ల మీద ఫోను మోగుతుంది, పక్కగదికి చేసినట్టే. పక్కగదికి ఎవరూ ఫోను చేయరు, కేకేస్తారు. అది వేరే విషయం.

ప్రారంభోత్సవం రెండు ఊళ్లలోనూ ఒకే ముహూర్తానికి జరిగింది. గేట్‌వేకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. గాలి ఆడే రంధ్రాల్లోకి పసుపు పోయిందని యంత్రం బిగించిన కుర్రాడు గోల పెట్టాడు. అపశకునం మాటలు మాట్లాడవద్దని వాణ్ణి బయటికి పంపారు. తిరుపతి నుంచి ఎం.డి. యోగానంద గారు స్వహస్తాలతో మొదటి నంబరు నొక్కారు. చిత్తూరు సూపరింటెండెంటు రిటైరై కుర్చీ ఖాళీగా ఉన్నందున, ఆ కుర్చీకి ఇన్‌చార్జి అయిన సీనియర్ అసిస్టెంటు ఏకాంబరం రిసీవరు ఎత్తాడు.

"ఏకాంబరం, నా గొంతు వినిపిస్తోందా?"

"పక్కనే నిలబడినట్టు ఉండాది సార్."

"వినండి. నేటి నుంచి నగరి నేత కార్మికుడు బస్సెక్కి మన గుమ్మం తొక్కే దుస్థితి ఉండదు. మన గుమ్మమే అతని చెవి దగ్గరికి వెళుతుంది. ఇది చారిత్రకం!"

గుమ్మం చెవి దగ్గరికి ఎలా వెళుతుందని ఎవరూ అడగలేదు. రెండు ఊళ్లలోనూ చప్పట్లు కొట్టారు. తిరుపతి చప్పట్లు చిత్తూరులో కొంచెం ఆలస్యంగా వినిపించాయి గనుక, చిత్తూరువాళ్లు మర్యాద కోసం మరోసారి కొట్టారు.

ఏకాంబరం ఆ రోజు అందరికన్నా ఎక్కువ సంతోషించాడు. ఆయన కాపురం తిరుపతిలో, కొలువు చిత్తూరులో. తెల్లవారుజామున ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా బస్సెక్కుతాడు, వాళ్లు మళ్లీ నిద్రపోయాక దిగుతాడు. "మీ నాయన ఏం చేస్తాడు?" అని బడిలో టీచరు అడిగితే ఆయన కూతురు మోనిక, "బస్సులో పోతాడు, బస్సులో వస్తాడు" అని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన తిరుపతికి బదిలీ కోరుతూనే ఉన్నాడు. ఇప్పుడు దూరమే లేదన్నారు కదా, ఇక చిత్తూరులో తన అవసరమేముంటుందని ఆయన ఆశ.

ఫోను మీద ఒక మీట ఉంది. సిబ్బంది సౌకర్యార్థం దాని మీద "బదిలీ" అని చీటీ అంటించారు. వచ్చిన కాల్‌ను ఇంకొకరికి తోసేయడానికి అది. నొక్కగానే ఒక ఆడగొంతు, "మీ కాల్ బదిలీ చేయబడుచున్నది" అని తియ్యగా చెబుతుంది. తనకు రాని బదిలీని రోజుకు ఎందరికో ప్రసాదిస్తూ ఏకాంబరం ప్రతిసారీ ఒక నిట్టూర్పు విడిచేవాడు. నిట్టూర్పు కూడా స్పష్టంగా వినిపించేది. యంత్రం అంత మంచిది.

బదిలీలు ఎక్కువగా పొందిన వ్యక్తి నగరికి చెందిన చంద్రకాంతమ్మ. ఆమెకు రెండు మరమగ్గాలు ఉన్నాయి. సమాఖ్య ఇవ్వాల్సిన నూలు రాక అవి నిలిచిపోయాయి. నూలు చిత్తూరు గోదాములో ఉంది. దాన్ని ఇమ్మని చెప్పే అధికారం తిరుపతిలో ఉంది. ఎంత ఉందో చిత్తూరు చెబితే ఇమ్మంటామని తిరుపతి, తిరుపతి అడిగితే చెబుతామని చిత్తూరు, రెండూ సిద్ధంగానే ఉన్నాయి. పూర్వం ఆమె ఒక రోజంతా బస్సుల్లో తిరిగి ఈ సంగతి తెలుసుకునేది. ఇప్పుడు నగరిలో ఇంటి అరుగు మీద కూర్చునే, ఎసట్లో బియ్యం ఉడికేలోగా, చిత్తూరు నుంచి తిరుపతికీ తిరుపతి నుంచి చిత్తూరుకూ ఎన్నిసార్లయినా వెళ్లి వస్తోంది. ఒక్క పైసా ఖర్చు లేదు. ప్రజలు సమాఖ్యను సంప్రదించడం గణనీయంగా పెరిగిందని నెలవారీ నివేదికలో రాశారు. ఎం.డి. గారు సిబ్బందిని అభినందించారు.

ఇలా ఉండగా తిరుపతిలో ఒక సీటు ఖాళీ అయింది. ఆ కబురు చెవిన పడగానే ఏకాంబరం తలుపు దగ్గరికి వేసి, తిరుపతిలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే మోహనకు ఫోను కలిపాడు.

"చిత్తూరు ఉద్యోగి సంగతి చిత్తూరు సూపరింటెండెంటే చూడాలండీ. వారికి కలుపుతున్నాను" అని మోహన మీట నొక్కింది.

ఆడగొంతు తన మాట తాను చెప్పింది. ఏకాంబరం కుడిచెవి దగ్గర రిసీవరు పెట్టుకుని ఓపిగ్గా వేచి ఉన్నాడు. అంతలో బల్ల మీద ఎడమవైపున్న రెండో ఫోను మోగింది. అది ఖాళీ కుర్చీ తాలూకు ఫోను. ఇన్‌చార్జి గనుక దాన్నీ ఆయనే ఎత్తాలి. ఎడమచేత్తో ఎత్తి, అలవాటు కొద్దీ అన్నాడు:

"ఈ విషయం మా పరిధిలోకి రాదండీ. తిరుపతిని అడగండి."

గొంతు ఇంటర్నెట్‌లో తిరుపతి దాకా పోయి, కాస్త ఆగి, కుడిచెవిలోకి వచ్చింది. ఏకాంబరానికి ఒళ్లు మండింది.

"తిరుపతివాళ్లే కదప్పా ఈడికి కలిపినారు! నా గోడు యాడ చెప్పుకోవాల?" అన్నాడు కుడి రిసీవరులో.

అది ఎడమచెవిలో వినిపించింది. ఆఫీసుకు ఫోను చేసి కసురుకునేవాళ్లంటే ఆయనకు మొదటి నుంచీ గిట్టదు.

"గొంతు తగ్గించి మాట్లాడండి. ఇది ఆఫీసు!" అన్నాడు ఎడమ రిసీవరులో.

"ఎవురు నువ్వు? నీ పేరేంది? ఎం.డి. గారికి చెప్పి నీ ఉద్యోగం ఊడబీకిస్తా!"

"చెప్పుకోండి. ఆయనకే కలుపుతాను."

ఈ వాదన జరుగుతుండగా తలుపు తోసుకుని ఒక నడివయసు మనిషి వచ్చి నిలబడింది. ఫోనులో తిరిగి తిరిగి విసిగి, బస్సెక్కి వచ్చిన చంద్రకాంతమ్మే ఆమె. చెరొక చెవికి చెరొక రిసీవరు పెట్టుకుని తనతో తాను కొట్లాడుతున్న మనిషిని కాసేపు చూసింది.

"సార్, ఆయప్పతో పెట్టుకోవద్దు" అంది చివరికి. "ఆ ఎడంపక్క ఫోను గొంతు నాకు బాగా తెలుసు. నాకూ అదే సెప్తాడు."

ఏకాంబరం ముందు ఎడమచేతిని చూసుకున్నాడు. తర్వాత కుడిచేతిని. రెండు రిసీవర్లనూ మెల్లగా కింద పెట్టి, "కూర్చోమ్మా" అన్నాడు. ఆ ఆఫీసులో నూలు కోసం వచ్చినవాళ్లను కూర్చోమనడం అదే మొదలు. ఆయన మొహం పాలిపోయి ఉంది. చంద్రకాంతమ్మే జాలిపడి సంచిలోంచి నీళ్ల సీసా తీసిచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో సంగతంతా విని భార్య కోమలి నెత్తి కొట్టుకుంది.

"ఆఫీసు ఫోనులో అడిగితే ఆఫీసు పనులు అవుతాయా? మన వీధి మొగదాల స్టీలు సామాన్ల దొరస్వామి ఎవురనుకుంటా ఉండారు? మీ ఎం.డి. బామ్మర్ది. మొన్ననే ఆయన కాడ ఇడ్లీపాత్ర కొన్నాను."

దొరస్వామికి సమాఖ్యలో ఏ పదవీ లేదు. ఆయన ఫోను ఏ గేట్‌వేకూ కలపలేదు. మీటలు సగం అరిగిపోయిన పాత ఫోను, ఏకాంబరం చేస్తే ఒక్కసారి మోగేసరికే ఎత్తాడు. "దానికేమప్పా, బావకు సెప్తాలే" అన్నాడు. వారం తిరక్కముందే ఏకాంబరానికి తిరుపతి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా అని అందులో ఉంది.

చిత్తూరులో ఆఖరి రోజున చంద్రకాంతమ్మ ఫోను చేసింది. ఏకాంబరం చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది. ఇన్నేళ్ల సర్వీసులో తొలిసారిగా ఆయన ఒక సభ్యురాలికి పనికొచ్చే నంబరు చెప్పాడు. ఆమె స్టీలు కొట్టుకు ఫోను చేసి, దొరస్వామికి తన గోడు చెప్పుకుని, రెండు బిందెలు కూడా కొంటానంది. మర్నాటికల్లా నగరికి నూలు చేరింది. మగ్గాలు ఆడాయి.

ఈ ఉదంతం బయటికి పొక్కాక సమాఖ్యలో కలకలం రేగింది. సభ్యులు గుంపులుగా వచ్చి నిలదీశారు. ఇన్నాళ్లూ ఆ నంబరు తమకు చెప్పకుండా ఎందుకు దాచారన్నది వాళ్ల ఆగ్రహం. గోదాములో నూలు ఊరికే ఎందుకు పడి ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు. పాఠకులైన మీరు అలాంటివారు కారని మాకు తెలుసు. అయితే ఈ కథ అచ్చుకు వెళ్లకముందు చదివిన పెద్దమనుషులు నలుగురూ బాగుందని మెచ్చుకుని, నలుగురూ విడివిడిగా పక్కకు పిలిచి ఒకటే మాట అడిగారు: ఆ స్టీలు కొట్టు నంబరు ఎంత?