కంప్యూటర్‌కెక్కిన అరుగు

ఆ ఉదయం ఫణి పెట్టుకున్న పని చిన్నదే. నాన్నగారి టేపుతో సందు మలుపు కొలవాలి, ఆ కొలత కంప్యూటర్‌లో సరిచేయాలి, పదకొండింటికి మలక్‌పేటలో ఇంటర్వ్యూకి చేరాలి. పిల్లల పాఠాల సీడీలు తయారుచేసే కంపెనీ అది. అతని బయోడేటాలో చివరి వరుస చూసి, "అదేదో తెచ్చి చూపించండి" అని ఫోన్ చేశారు.

చివరి వరుసలో "హాబీ: వీడియో గేమ్ మాడింగ్" అని ఉంది. కొనుక్కున్న ఆటలోని బండ్లనూ రోడ్లనూ తనకు నచ్చినట్టు మార్చుకోవడమన్నమాట. ఫణి ఒక కార్ల పందెం ఆటలో కార్లన్నీ పీకేసి ఆటోలు పెట్టాడు. అందులో ఉన్న విదేశీ నగరాన్ని తుడిచేసి, పాతబస్తీలో ఛత్రినాక నుంచి గౌలిపుర దాకా తమ సందు కట్టాడు, పాలుపోసే ఈశ్వరయ్య గేదెలతో సహా.

మేనమామ వీరరాఘవరావుకు ఆ వరుస మొదట్నుంచీ గిట్టలేదు.

"మాడింగేమిట్రా, అడుగంటిన అన్నంలాగా! హాబీ అంటే తపాలాబిళ్ళల సేకరణ అని రాయాలి. నేను సర్వీసంతా అదే రాశాను."

"ఎప్పుడైనా సేకరించారా మావయ్యా?"

"సేకరించడం వేరు, రాయడం వేరు."

"ఆ వరుస ఉండనివ్వు అన్నయ్యా" అంది కమలకుమారి, ఫణి తల్లి. ఆవిడ బళ్ళో పంతులమ్మ. ఒకసారి అన్నమాట రెండోసారి అనదు. వీరరాఘవరావు ఒక షరతు మీద తగ్గాడు. ఈ ఉద్యోగం రాకపోతే కంప్యూటర్ అమ్మేయాలి, ఫణి తెనాలి వచ్చి, తను రిటైరయ్యాక పెట్టిన ఎరువుల దుకాణంలో కూర్చోవాలి. ఫణి వెంటనే ఒప్పుకున్నాడు. ఉద్యోగం వస్తుందన్న విషయంలో అతనికి రవ్వంత అనుమానం లేదు. అనుమానమల్లా ఆటో మీదే. ఆటలో అది ఈశ్వరయ్య కొట్టం దగ్గర మలుపు తిరగలేక గోడలో ఇరుక్కుంటోంది.

కొలత చూసి, మరిచిపోకుండా కొట్టం గోడ మీద సుద్దతో గీత పెడుతుంటే, ఎదురింటి నాగమణమ్మ తలనిండా కుంకుడు నురగతో బయటికొచ్చింది.

"ఏంది బిడ్డా, పొద్దుపొద్దుగాల కొలుస్తున్నవ్?"

"ఆటో తిరగట్లేదత్తా. మలుపు కాస్త వెడల్పు చేస్తున్నా."

"మరి నా అరుగు?"

"అది నిన్ననే తీసేశాను."

నాగమణమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. అరుగు అరుగులాగే ఉంది. "ఈడనే ఉందిగద!"

"ఇక్కడ కాదత్తా, కంప్యూటర్‌లో" అని నవ్వి, ఫణి టేపు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. ఫణి తండ్రి అమరనాథ్ మునిసిపాలిటీలో రోడ్ల కొలతలు చూసేవాడు. పోయి ఏడాదయింది. ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుందని సందంతా ఎదురుచూస్తోంది. ఇప్పుడు కొడుకు చేతిలో తండ్రి టేపు, గోడ మీద సుద్ద గీత. పాతబస్తీలో గోడ మీద గీత పడితే ఆ ఇంట్లోవాళ్ళకు ఆ పూట అన్నం సయించదు. పైగా కంప్యూటర్! కరెంటు బిల్లు తప్పు పడ్డా, రేషన్ కార్డులో భార్య పేరు మారిపోయినా, "కంప్యూటర్‌లో అలాగే ఉంది" అంటే నోరు మూసుకుని ఇంటికి రావలసిన రెండువేల మూడో సంవత్సరమది.

నాగమణమ్మ ఆ నురగతోనే కొట్టంలోకి పరిగెత్తింది. "పోయింది ఈశ్వరయ్యా, నా అరుగు పోయింది! కంప్యూటర్ల ఎక్కిచ్చిండు!"

పాలు పితుకుతున్న ఈశ్వరయ్య లేచొచ్చి గీత చూశాడు. "నీ అరుగు లొల్లి పక్కన పెట్టు. గీత పడ్డది నా గోడ మీద!"

కాసేపటికి ఈశ్వరయ్య నిండు చెంబుతో ఫణి ఇంటికొచ్చాడు. కమలకుమారి మూత తీసి చూసింది. ఆయన ఆ ఇంటికి చుక్క నీరు కలపని పాలు తేవడం అదే మొదలు.

"ఏమిటి ఈశ్వరయ్యా విశేషం?"

"ఏం లేదమ్మా. బిడ్డకు కొలువు దొరుకుతుందంట. మస్తు సంతోషం. జర గా రోడ్డును నాగమణమ్మ దిక్కుకు జరపమను."

ఆ వెనకే కిరాణా రామ్‌చందర్ కలాకంద్ డబ్బాతో దిగాడు. "ఫణి భాయ్, దోనో తరఫ్ సే లేలో, మేరీ దుకాన్ ఛోడ్ దో. అటూ ఇటూ ఎంతైనా తీస్కో, తాతల నాటి దుకాణం వదిలెయ్."

గదిలో కంప్యూటర్ ముందున్న ఫణి తల తిప్పలేదు. "ఫికర్ చేయకన్నా. నీ దుకాణం మొన్ననే పడగొట్టి మళ్ళీ కట్టాను. ఇదివరకటి కంటే బాగుంది."

రామ్‌చందర్ డబ్బా అక్కడే పెట్టి బయటికి నడిచాడు. వీధి గుమ్మంలో వీరరాఘవరావు పేపరు చదువుతున్నాడు.

"ఆఫీసు ఎక్కడ సారూ?"

మేనల్లుడి పరువు నిలబెడదామని ఆయన కంపెనీ విలాసం పూర్తిగా చెప్పాడు. "పదకొండింటికి పైవాళ్ళ ముందు పెడతాడు."

"వాళ్ళు ఊ అంటే?"

"అంటే ఇక అయిపోయినట్టే!"

ఫణి ఆటను సీడీలోకి ఎక్కించుకుని సిటీ బస్సులో వెళ్ళిన కాసేపటికి నాగమణమ్మ, ఈశ్వరయ్య, రామ్‌చందర్ ముగ్గురూ ఆటో ఎక్కారు. మలుపు దగ్గర ఆటో ఆగింది. నాగమణమ్మ దిగి తన అరుగెక్కి గదమాయిస్తే, ఆటో వెనక్కి వెళ్ళి, మళ్ళీ తిరిగి బయటపడింది.

కంపెనీలో ఇంటర్వ్యూ చేసే మైథిలి తెరకేసి ముందుకు వంగి కూర్చుంది. ఆటో సందులో దూసుకుపోతోంది. "బాగుందండీ" అని ఆమె అంటుండగానే తలుపు ధడాలున తెరుచుకుంది.

"మేడమ్, సంతకం పెట్టకుండ్రి!" నాగమణమ్మ. వెనక ఈశ్వరయ్య, రామ్‌చందర్.

ఫణి ముక్కుకు తెనాలి ఎరువుల వాసన తగిలింది.

"మీరంతా ఎవరు?" అంది మైథిలి.

జవాబు చెప్పబోయిన ఈశ్వరయ్య చూపు తెర మీద పడింది. "ఇగో, నా బర్రె! వంకర కొమ్ము గూడ దించిండు!"

"అరె, మేరే దుకాన్ కా బోర్డ్!" అన్నాడు రామ్‌చందర్.

నాగమణమ్మ తెరంతా గాలించింది. "అందరియి ఉన్నయి. నా అరుగేది?"

"ఇది ఆటమ్మా. నిజంగా ఎవరూ ఏదీ పడగొట్టరు" అని మైథిలి నచ్చజెప్పింది.

"ఆటైతే మాత్రం నా ఒక్కదాని అరుగే ఎందుకు తియ్యాలె? పెట్టు బిడ్డా."

"పెడితే ఆటో తిరగదత్తా!"

"ఎందుకు తిరగదు? ఇప్పుడు మేం ఎట్లొచ్చినం? ఎనక్కి తీయాలె. నేను అరుగు మీదికెల్లి 'ఇంకింత, ఇంకింత' అంటుంటె తిప్పాలె."

పందెంలో వెనక్కి పోయేవాడు ఉండడని ఫణి ఆటోకి రివర్సే పెట్టలేదు. అందరూ చూస్తుండగా అరుగు యథాస్థానంలో కట్టాడు, రివర్స్ పెట్టాడు. ఈశ్వరయ్య మీటల ముందు కూర్చున్నాడు. నాగమణమ్మ వెనక నిలబడి "ఇంకింత, ఇంకింత" అంది. ఆటో తిరిగింది.

తిరిగి, అదుపు తప్పి, ఒక గుమ్మం ముందున్న బూడిదరంగు స్కూటర్ మీదికి ఉరికింది. తగలలేదు. ఎటో జారి పక్కకు పోయింది.

"ఆ స్కూటర్‌కి తగలదేం?" అంది మైథిలి.

"ఏదీ తగలకుండా పెట్టానండి."

"ఎందుకని?"

ఫణి కంటే ముందు నాగమణమ్మే కొంగు సర్దుకుని చెప్పింది. "అమరనాథ్ సారు స్కూటరమ్మా అది. ఈ పిల్లగాని నాయిన."

ఈశ్వరయ్య ఆటోను ఇంకో దారికి మళ్ళించాడు.

"మా సీడీలు చూసి ఇంతవరకూ ఎవరూ ఇలా కొట్లాటకు రాలేదు ఫణిగారూ" అంది చివరికి మైథిలి. "సోమవారం నుంచి రండి."

ఇంటికొచ్చేసరికి వీరరాఘవరావు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "చూశావా! ఆ వరుస తీసేయొద్దని నేను అప్పుడే అనుకున్నాను." కమలకుమారి కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ సరిచేసి, కలాకంద్ డబ్బా తెరిచింది.

మరుసటి ఏడు నిజంగానే రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు టేపులతో వచ్చారు. నాగమణమ్మ కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "ఈ అరుగు కంప్యూటర్ల ఎక్కింది. పోయి చూసుకోండ్రి."

చూసి వస్తామని ఆఫీసుకు వెళ్ళినవాళ్ళు, ఇంకా చూస్తూనే ఉన్నారు.