మోటారు వెనక స్క్రూ

పదింటికల్లా రికార్డరు తుడిచి, హాలుకి చేర్చి, ఇంటికొచ్చి హాయిగా ఓ కునుకు తీయాలని ఆ ఉదయం లిఫ్టు మామయ్య పథకం. జీవితమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషికి నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు ఒక లెక్కా? అత్తయ్య ముప్పై ఏళ్ళ కిందట తానొక్కతే మూడు వరసల్లో పాడిన పాట ఆ టేపులో ఉంది. సాయంత్రం ఆ మూడు గొంతులూ మోగుతుంటే, నాలుగో వరస ఆవిడ వేదిక మీద పాడాలి. పాట మానేసిన పన్నెండేళ్ళకి ఒప్పుకుంది. ఇవాళ తప్పిందంటే మళ్ళీ పాడదు.

మీట నొక్కితే పాట ఊగిసలాడింది. మూత విప్పి చూస్తే మోటారు దగ్గర రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. కొత్తది వేశాడు, ఊగడం పోయింది. అక్కడితో ఆగచ్చు. చేతి దురద ఊరుకోనిస్తుందా? పరీక్ష కోసమని అత్తయ్య పాడిన మామూలు క్యాసెట్ ఒకటి పెట్టాడు. పిచ్చుకల కిచకిచ వినిపించింది.

"చూశావురా, మోటారు పరుగులు పెడుతోంది," అన్నాడు బావమరిదితో.

"కొత్త మోటారు తెప్పిద్దామా బావా?"

"నేనుండగా కొత్తదెందుకు? వేగం తగ్గించే స్క్రూ వెనకాలే ఉంటుంది."

తిప్పాడు. కిచకిచ తగ్గలేదు. ఇంకా తిప్పాడు. చివరికంటా తిప్పేసరికి స్క్రూ తల టప్‌మని విరిగింది.

పక్క గదిలో అత్తయ్య ఆ కిచకిచే తన పాత పాటనుకుంది. ముఖం పాలిపోయి బయటికొచ్చింది.

"ఏవండీ, ఇవాళ నావల్ల కాదేమో."

తన నిర్వాకం తెలిసిపోయిందనుకుని మామయ్య గతుక్కుమన్నాడు.

"అంతా భేషుగ్గా ఉంది. నేనున్నాగా!"

ఈలోగా బావమరిది వీధి చివరి రేడియో మెకానిక్కుని పిలుచుకొచ్చాడు. ఆయన మిషను చూసి తల పట్టుకున్నాడు.

"ఇది మామూలు వాటికంటే రెట్టింపు వేగంతో తిరగాల్సిన మిషనండీ. మామూలు క్యాసెట్ పెడితే కిచకిచే వస్తుంది. బెల్టు వేశాక బాగానే ఉందిగా, ఎందుకు కెలికారు?"

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు మామయ్య.

"ఈ స్క్రూ ఇక తిరగదు, మోటారే మార్చాలి. నా దగ్గరున్న మోటారు వెనక్కి తిరిగే రకం, టేపంతా బయటికి కక్కేస్తుంది. సరైనది రావాలంటే వారం."

అత్తయ్యకి వినపడకుండా అసలు టేపు సన్నగా పెట్టి విన్నారు. వేగం తగ్గడంతో ఐదున్నర శ్రుతి పాట నాలుగుకి దిగిపోయింది.

"అక్కకి చెప్పేద్దాం బావా."

"చెబితే అసలు హాలుకే రాదు. కాస్త లోతుగా ఉంటే మాత్రం కొంపలు మునిగాయా?" అన్నాడే గాని, మామయ్యకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టే ఉంది.

హాల్లో మీట నొక్కగానే మూడు గొంతులూ నిదానంగా, బరువుగా లేచాయి. అత్తయ్య ఉలిక్కిపడి మామయ్య వైపు చూసింది. ఆయన గుమ్మం ఎంత దూరముందో చూసుకున్నాడు.

అప్పుడు అత్తయ్య అందుకుంది. గొంతు ఎక్కడా వణకలేదు, ఎక్కడా అడ్డం పడలేదు. పాట అయ్యేసరికి హాలంతా లేచి నిలబడింది. మామయ్యకి కళ్ళు చెమర్చాయి.

వేదిక వెనక అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుంది.

"నెల్లాళ్ళుగా ఆ పై శ్రుతి నాకు అందట్లేదండీ. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మీరే కనిపెట్టి కిందికి దించారా?"

"ఆ మాత్రం కనిపెట్టలేనటోయ్!" అన్నాడు మామయ్య, ఏమాత్రం తడబడకుండా.

పక్కనే నిలబడ్డ బావమరిదికి ఎందుకో చాలాసేపు దగ్గు ఆగలేదు.