బావ తెస్తున్న రెండు డిస్కులు

పొద్దున్నే బుల్లెట్ ముందు చక్రానికి రెండు డిస్క్ బ్రేకులు బిగించుకోవాలి. భార్యను వెనక కూర్చోబెట్టుకుని, చర్లలో బావమరిది కొడుకు బారసాలకు చేరాలి. కల్లూరు మిరప రైతు వెంకటనారాయణ ఆ రోజుకు వేసుకున్న పథకం ఇంతే.

ఆ బుల్లెట్ తండ్రి కాలం నాటిది. పిడికిలి బిగించి, ఒంటి బరువంతా వేసి బ్రేకు పట్టినా నెమ్మదించేదే తప్ప ఆగేది కాదు. పోయిన నెల అత్తగారింటి ముందు ఆరబోసిన మిరపకాయల్లోంచి దూసుకుపోయాక, నిర్మలాదేవి ఇక దాన్ని ఎక్కనంది. అందుకే ఆయన హైదరాబాదు నుంచి, తుక్కైపోయిన ఏదో విదేశీ బండి ముందు చక్రాన్ని డిస్కులతో సహా తెప్పించాడు.

మెకానిక్ రామ్‌చందర్ పనిలో దిగాడు. ఆలస్యమయ్యేలా ఉందని నిర్మలాదేవి ఎస్టీడీ బూత్ నుంచి తమ్ముడు చెంచురామయ్యకు ఫోన్ చేసింది. లైన్లో ఒకటే గరగర.

"మీ బావ డిస్కులు పెట్టిస్తున్నరురా. రెండు! కాగానే వస్తం."

"డిష్షులా? రెండా? అక్కా, జల్దీ రండి!"

ఆ రోజుల్లో డిష్ యాంటెన్నా లేక చర్లలో టీవీ పెడితే చుక్కలే తప్ప బొమ్మ వచ్చేది కాదు. ఆ సాయంత్రమేమో క్రికెట్ ఫైనల్. చెంచురామయ్య టీవీని అరుగుమీదికి తెచ్చి, బావ డిష్షులు తెస్తున్నాడని కనబడ్డవాళ్ళందరినీ పిలిచాడు. పోలీసు క్యాంపు ఎస్సైకి కుర్చీ వేశాడు. అడవి పల్లె నుంచి సమ్మయ్య, నాగక్క దంపతులు తమవాళ్ళను వెంటబెట్టుకొచ్చారు. ఉయ్యాల్లో పిల్లవాణ్ణి అడిగినవాళ్ళే లేరు.

ఇక్కడ కల్లూరులో రామ్‌చందర్ బ్రేకు గొట్టాల్లో గాలి తీసేసి చేతులు తుడుచుకున్నాడు. "సార్, రెండు వేళ్ళతోటే పట్టాలె. పిడికిలి పట్టిన్రంటే బండి ఆగుతది, మీరాగరు."

"నాకు చెప్తవా? చిన్నప్పటి సంది నడుపుతున్న!"

దారి పొడుగునా ఆయన రెండు వేళ్ళే వాడాడు. భద్రాచలం దాటాక నిర్మలాదేవి కూడా ఆయన భుజం వదిలి సర్దుకు కూర్చుంది. తీరా చెంచురామయ్య ఇల్లు కనిపించగానే జనం ఈలలు, చప్పట్లు. తనకింత స్వాగతమా అని ఉబ్బిపోయిన వెంకటనారాయణ పాత అలవాటు కొద్దీ పిడికిలి బిగించాడు.

బండి ఆగింది. నిర్మలాదేవి పెట్రోలు ట్యాంకు మీదికి జారింది. ఆయన మాత్రం హ్యాండిల్ మీదుగా ఎగిరి, పందిట్లో చల్లారిన పులిహోర గంగాళంలో పడ్డాడు.

"డిష్ ఏదయ్యా?" అన్నాడు సమ్మయ్య.

"ఏం డిష్షు?" వెంకటనారాయణ నోట్లోని కరివేపాకు ఊసేశాడు. "అవి డిస్కులు. బ్రేకులు!"

అందరూ చెంచురామయ్య వైపు తిరిగారు.

"ఏంది, తమాషానా? డ్యూటీ ఇడిసి వచ్చిన!" ఎస్సై లేచాడు. చెంచురామయ్య ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఊళ్ళో ఇక తలెత్తుకోలేనని అతనికి అర్థమైంది.

అంతలో నాగక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యా, నాకు సరిగ అగుపడలె. మల్లొక్కసారి దూకవా?"

పందిరంతా గొల్లుమంది. ఎస్సై కూడా నవ్వి, కుర్చీని రోడ్డువైపు తిప్పుకున్నాడు. వెంకటనారాయణ బావమరిది ముఖం చూశాడు, నిట్టూర్చాడు. "గడ్డి పరవండి," అని బండి స్టార్ట్ చేశాడు. చీకటి పడేదాకా పడుతూనే ఉన్నాడు. పడ్డప్పుడల్లా చెంచురామయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"ఇన్నాళ్ళు ఆగదని భయపడ్డ. ఇప్పుడు ఆగుతదని భయమైతుంది. నేను బస్సుల వస్త," అంది నిర్మలాదేవి.

మర్నాడు ఆమె ఎక్కిన బస్సు, డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డా, కల్లూరు దాటి అరమైలు పోయాక గానీ ఆగలేదు.