పుణ్యాత్ముల నెత్తిన కాయ పడదు!

అయ్యలారా, అమ్మలారా! తలకి దెబ్బ తగిలిందని ఆసుపత్రికి పరుగెత్తేవాడంత పరువుతక్కువ మనిషి లోకంలో ఉండడు. ఇది నా గట్టి అభిప్రాయం.

నమ్మకపోతే మా ఉద్దానం రండి. కొబ్బరికాయకి మూడు కళ్ళు. చూసి మరీ పడుతుంది. పుణ్యాత్ముడి నెత్తిన చచ్చినా పడదు. ఇంత చవకైన సైన్సు చేతిలో ఉండగా ఎక్స్‌రేలెందుకు? కాయలు రాలే చెట్ల కింద కూర్చోవద్దని హెల్తు ఆఫీసువారు బోర్డు పాతారు. మావాళ్ళు దాన్ని పశువుల పాకకి తలుపు చేసుకున్నారు. తల కంటే తలుపు ముఖ్యం కాదూ!

రైతు జోగయ్య సంగతే చూడండి. ఆమధ్య ఒక మంగళవారం పొద్దున్నే ఒక ముదురు కాయ ముప్ఫై అడుగుల మీంచి దిగి ఆయన నెత్తిన కూర్చుంది. బుర్రా బుర్రా ఢీకొన్నాయి. చుక్క నెత్తురు లేదు. జోగయ్య లేచి తల తడుముకున్నాడా? రామరామ! ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

ఇంటికొచ్చి భార్య తవిటమ్మ చెవిలో వేశాడు. "కాయ పడిందని ఎవులికీ సెప్పకే. ఏ పాపం సేసినానోనని ఊరంతా తవ్వుతాది."

"బొప్పి కట్టినాది గదా మావా?"

"గుమ్మం తగిలినాదని సెప్పు."

ఆహా, ఏం మర్యాద! మధ్యాహ్నానికి రెండు వాంతులు. పైత్యమంది తవిటమ్మ. సాయంత్రానికి పెళ్ళాన్ని ఎద్దు పేరు పెట్టి పిలిచాడు. ఎండదెబ్బంది. "నిద్దరోనీయే, నిద్దరే మందు" అని పక్కింటి కూర్మమ్మ వైద్యం చెప్పింది. మందు బాగా పనిచేసింది. తెల్లారినా జోగయ్య లేవలేదు.

మావాళ్ళు రోగిని ఒంటరిగా పంపరు. సగం వీధి అతన్ని మోసుకుని బస్సెక్కి శ్రీకాకుళం ఆసుపత్రి వరండా నింపేసింది. డాక్టరు రెప్ప ఎత్తి చూశాడు.

"ఒక కంటిపాప పెద్దదయింది. తలకి గట్టి దెబ్బేమైనా తగిలిందా?"

"గుమ్మం, బాబూ..."

"గుమ్మం తగిలితే ఇలా ఉండదమ్మా. లోపల నెత్తురు గడ్డ కట్టినట్టుంది. నిజం చెప్పు. ఆలస్యమైతే మనిషి దక్కడు."

తవిటమ్మ మొగుడి మొహం చూసింది. వీధి మొహం చూసింది. ఒక్కసారిగా గొంతు చించుకుంది.

"కాయే పడినాది బాబూ! నిన్న పొద్దుటేల, మా తోటలోనే! పాపముంటే బతికొచ్చి కడుక్కుంటాడు. సచ్చిపోయినోడికి పరువేటి, బాబూ?"

డాక్టరు క్షణం ఆగలేదు. ఆసుపత్రి వేనులో విశాఖపట్నం పంపాడు. అక్కడ పుర్రెకి చిల్లు పెట్టి గడ్డ తీశారు. జోగయ్య బతికాడు. ఇప్పుడు ఎద్దుని ఎద్దుగానే గుర్తుపడుతున్నాడు.

వేను కదిలాక వరండాలో మా వీధి ఎల్లాజీ మెల్లగా తలపాగా విప్పాడు.

"నాకూ పోయిన నెల్లో పడినాది బాబూ. అప్పట్నుంచీ తల తిరుగుతన్నాది. సెప్పనేదు."

"ఒరే, నాకు రెండు పడినాయిరా!" అన్నాడు పక్కనే ఉన్న గణపతిరావు.

అంతే! తలపాగాలన్నీ విడిపోయాయి. డాక్టరు గుమ్మం ముందు మా ఊరి పుణ్యాత్ములంతా బొప్పులు పట్టుకుని క్యూ కట్టారు.

కూర్మమ్మ ఒక్కతే కదల్లేదు.

"నా నెత్తిన ఒక్క కాయా పడనేదు" అంది, తలెత్తుకుని. "మాకు తోట నేదు."